దిద్దుకుంటూ నేర్చే రాత

(కుందారపల్లిలో తెలుగు విద్యార్థులు, ఉపాధ్యాయుల కూడికలో చేసిన ప్రసంగానికి పాఠం)



ఇంగ్లీషు రాతను గురించి మాట్లాడమని నిర్వాహకులు నన్ను కోరినప్పుడు, తెలుగు కోసం పెట్టుకున్న కూడికలో ఇంగ్లీషు ముచ్చట ఎందుకని ఒకరిద్దరు పెద్దలు నొచ్చుకున్నారని విన్నాను. వారి నొప్పి నాకు తెలియనిది కాదు. అయినా ఈ విషయాన్నే ఎన్నుకున్నాను. హోసూరు, కృష్ణగిరి సీమలో తెలుగింటి బిడ్డ ఇంట్లో తెలుగు మాట్లాడుతుంది, బడిలో తమిళం చదువుతుంది, సంతలో కన్నడం వింటుంది. చదువు ముగించి హోసూరు పారిశ్రామికవాడకో బెంగుళూరుకో పనికి పోతే ఇంగ్లీషులో రాయవలసి వస్తుంది. ఈ నాలుగింటిలో బరువు తగ్గించుకోవాలని తల్లిదండ్రులు తలచినప్పుడు మొదట దించివేసేది తెలుగునే. ఇంగ్లీషు రావాలంటే తెలుగును మానుకోవాలన్న నమ్మకం మన ఇళ్ళలో పాతుకుపోయింది. ఆ నమ్మకం ఉన్నంతకాలం మనం సభలలో చేసే తీర్మానాలు వీధి గుమ్మం దాటి లోపలికి పోవు.

నేను ముప్ఫై ఏళ్ళకు పైగా ఇంగ్లీషు పాఠాలు చెప్పినవాణ్ణి. నా అనుభవం ఆ నమ్మకానికి పూర్తిగా విరుద్ధంగా ఉంది. తెలుగు రాయగలిగిన పిల్లలకే ఇంగ్లీషు రాయడం త్వరగా పట్టుబడింది. అది ఎలా జరుగుతుందో, ఆ పనిని మన చేతులతో మనమే ఎలా చేసుకోవచ్చో ఈరోజు చెప్పదలచుకున్నాను.

మన భాషలో 'దిద్దు' అనే క్రియ ఉన్నది. అయ్యవారు పలక మీద రాసిచ్చిన అక్షరం మీదనే పిల్లవాడు మళ్ళీ మళ్ళీ బలపం తిప్పితే అది ఓనమాలు దిద్దడం. పిల్లవాడు రాసిన దానిలో తప్పును అయ్యవారు సరిచేస్తే అదీ దిద్దడమే. మొదటిది అనుకరణ, రెండవది సవరణ. రెండింటికీ మనవారు ఒకే మాట వాడారు. నుదుట బొట్టునూ దిద్దుకుంటాము. గురజాడ 1910లో ఒక కథ రాసి దానికి 'దిద్దుబాటు' అని పేరు పెట్టాడు, అక్కడ దిద్దవలసి వచ్చినది ఒక మగవాని నడత. రాత నేర్చుకోవడంలో ఈ రెండు దిద్దులూ జోడెడ్లు. ఒకదానిని విప్పేస్తే రెండవది బండి లాగదు.

మన బడులలో ఇంగ్లీషు విషయంలో జరిగినది అదే. అనుకరణ అంటే గైడు పుస్తకంలోని వ్యాసాన్ని కంఠతా పట్టి పరీక్ష కాగితం మీద దించడమైంది. సవరణ అంటే ఎర్రసిరా గీతలైంది. ఈ ఊళ్ళో శుక్రవారం శుక్రవారం జరిగే పశువుల సంత మీ అందరికీ తెలుసు. నోరు తెరిచి పళ్ళు చూసి ఎద్దు వయసు చెప్పగల పిల్లలు ఈ చుట్టుపక్కల ఉన్నారు. ఏ సుడి ఉన్న గొడ్డును కొనకూడదో వాళ్ళకు తెలుసు. అటువంటి పిల్లవాడిని ఆవును గురించి ఇంగ్లీషులో రాయమంటే, 'ది కౌ ఈజ్ ఎ డొమెస్టిక్ యానిమల్' అని మొదలుపెట్టి, దానికి నాలుగు కాళ్ళు, రెండు కొమ్ములు, ఒక తోక ఉన్నాయని ముగిస్తాడు. తన ఇంటి ఆవు పేరు కూడా అందులో ఉండదు. అది అతని తెలివితక్కువతనం కాదు. అతనికి దిద్దుకోవడానికి ఇచ్చిన అక్షరమే అటువంటిది.

ఈ రకం అనుకరణను నూరేళ్ళ కిందటే గురజాడ రంగస్థలం మీద పెట్టి చూపాడు. 'కన్యాశుల్కం'లో గిరీశం, వెంకటేశం కలిసి అగ్నిహోత్రావధాన్ల ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడే ఘట్టం మీకు గుర్తుండే ఉంటుంది. వెంకటేశం తల్లి ముచ్చటపడి అడిగితే, గురుశిష్యులిద్దరూ బడి పద్యపు ముక్కలనూ, పొంతన లేని మాటలనూ వరసగా వల్లిస్తారు. అర్థం లేదు, అయినా ఇంటివారికి తృప్తి. మన కాన్వెంటు బడుల వార్షికోత్సవాలకు పోయినప్పుడల్లా నాకు ఆ ఘట్టమే గుర్తుకు వస్తుంది.

మరి మంచి అనుకరణ ఎటువంటిది? దీనికి నాకు దొరికిన మంచి సాక్ష్యం ఇంగ్లండులోనే ఉన్నది. పదహారవ శతాబ్దంలో రోజర్ ఆస్కం అనే పండితుడు ఉండేవాడు. తరువాత రాణి అయిన మొదటి ఎలిజబెత్‌కు చిన్నతనంలో చదువు చెప్పినవాడు. ఆయన 'ది స్కూల్ మాస్టర్' అనే పుస్తకం రాశాడు. ఆయన చనిపోయిన తరువాత 1570లో అది అచ్చయింది. ఆ రోజులలో చదువంటే లాటిన్. ఇంగ్లీషు ఇంట్లో మాట్లాడుకునే భాష, పండితులు చిన్నచూపు చూసే భాష. ఇప్పుడు మన తెలుగు ఉన్న స్థితిలోనే అప్పటి ఇంగ్లీషు ఉండేదని చెప్పవచ్చు.

లాటిన్ రాయడం నేర్పడానికి ఆస్కం చెప్పిన పద్ధతి ఇది. సిసెరో రాసిన లేఖ ఒకటి తీసుకొని ముందు దాని అర్థం పిల్లవాడికి బాగా విప్పి చెప్పాలి. పిల్లవాడు దానిని ఒక పుస్తకంలో ఇంగ్లీషులోకి మార్చి రాయాలి. తరువాత కనీసం ఒక గంట ఆగాలి. లాటిన్ మూలాన్ని తీసి దాచి, పిల్లవాడు తన ఇంగ్లీషు రాతను చూస్తూ దానిని తిరిగి లాటిన్‌లోకి మార్చి ఇంకొక పుస్తకంలో రాయాలి. అప్పుడు గురువు సిసెరో మూలాన్నీ, పిల్లవాడి లాటిన్‌నూ పక్కపక్కన పెట్టి చూపాలి. బాగా రాసిన చోట మెచ్చుకోవాలి. తేడా వచ్చిన చోట కోపగించుకోకుండా, సిసెరో అయితే ఇక్కడ ఈ మాట వాడి ఉండేవాడని మెల్లగా చెప్పాలి. కొట్టి చదువు చెప్పడాన్ని ఆ పుస్తకం గట్టిగా ఖండించింది. మన ఉపాధ్యాయులు ఆ సంగతి కూడా గమనించాలి.

ఈ పద్ధతిలో మాతృభాషకు దక్కిన చోటు చూడండి. నేర్చుకోవలసిన భాషకూ, పిల్లవాడికీ నడుమ అది వంతెన. వంతెన మీదుగా పోయి, వంతెన మీదుగానే తిరిగి రావాలి. నేడు లోకాన్ని ఏలుతున్న ఇంగ్లీషు ఒకప్పుడు ఇంకొక భాషను నేర్పడానికి వంతెనగా నిలిచింది. ఇంగ్లీషు తరగతిలో తెలుగు మాట వినబడితే జరిమానా వేసే బడి యాజమాన్యాలకు ఈ చరిత్ర ఎవరైనా చెబితే బాగుండును.

బెంజమిన్ ఫ్రాంక్లిన్ చేసినదీ ఇటువంటిదే. ఆయన బడికి పోయినది రెండేళ్ళే. బోస్టన్‌లో అన్న ముద్రణాలయంలో పని నేర్చుకుంటూ ఉండగా, స్నేహితునితో వాదిస్తూ రాసిన ఉత్తరాలు తండ్రి కంటబడ్డాయి. అక్షరదోషాలు లేకుండా రాస్తున్నావు గాని చెప్పే తీరులో సొగసు లేదు, క్రమం లేదు అని తండ్రి ఉదాహరణలతో చూపాడు. కొడుకు అలగలేదు. 'స్పెక్టేటర్' అనే పత్రిక సంపుటం ఒకటి సంపాదించి, అందులోని వ్యాసాలలో ఒక్కొక్క వాక్యానికి చిన్న గుర్తు రాసుకొని, కొన్ని రోజులు పక్కన పెట్టి, ఆ గుర్తులను చూసి వ్యాసాన్ని తన మాటలలో తిరిగి రాశాడు. మూలంతో పోల్చుకొని తన తప్పులు తానే దిద్దుకున్నాడు. ఆయనకు ఇంగ్లీషు తల్లిభాషే కనుక చిన్న గుర్తులు సరిపోయాయి. మనకు ఆ గుర్తుల చోట తెలుగు ఉండాలి.

నేను తరగతిలో చేయించిన ఒక ఉదాహరణ చెబుతాను. సంత మీద నేనే రాసిన చిన్న పేరాలోని రెండు వాక్యాలివి: 'ది ఓల్డ్ మేన్ హూ సోల్డ్ ది రెడ్ బుల్లక్ కౌంటెడ్ ది మనీ ట్వైస్. దెన్ హి టర్న్‌డ్ అండ్ లుక్డ్ ఎట్ ది యానిమల్ వన్స్ మోర్.' ఒక అమ్మాయి దీనిని ఇలా తెలుగు చేసింది: 'ఎర్రెద్దును అమ్మిన ముసలాయన డబ్బు రెండుసార్లు లెక్కపెట్టుకున్నాడు. తర్వాత వెనక్కి తిరిగి దాన్ని ఇంకొకసారి చూశాడు.' చక్కటి తెలుగు. వారం తరువాత మూలం చూడకుండా దీనినే ఇంగ్లీషు చేయమన్నాను. ఆమె రాసినది ఇది: 'రెడ్ బుల్లక్ సోల్డ్ ఓల్డ్ మేన్ కౌంటెడ్ మనీ టూ టైమ్స్. ఆఫ్టర్ హి టర్న్‌డ్ బ్యాక్ అండ్ సా ఇట్ వన్ మోర్ టైమ్.'

రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకున్నాము. నేను ఒక్క గీత కూడా గీయలేదు. తేడాలు నీవే చూడమన్నాను. 'అమ్మిన ముసలాయన' అని మనం విశేషణాన్ని ముందు పెడతాము, ఇంగ్లీషు 'ముసలాయన' అని ముందు చెప్పి, ఆ ముసలాయన ఎవరో తరువాత చెబుతుందని ఆమే కనిపెట్టింది. 'ది' అన్న చిన్నమాట నాలుగు చోట్ల రాలిపోయిందని లెక్కపెట్టింది. తెలుగులో దానికి సరిపోయే మాట లేదు కాబట్టి అది వంతెన దాటేటప్పుడు జారిపోతుంది. కొత్తవాడైతే 'ఒక ముసలాయన' అంటాము, ముందు చెప్పినవాడైతే 'ఆ ముసలాయన' అంటాము, చాలా చోట్ల ఏమీ అనము. 'చూశాడు' అన్న మన ఒక్క మాటకు ఇంగ్లీషులో కంటబడడం వేరు, కళ్ళు తిప్పి చూడడం వేరు, కనిపెట్టుకొని చూస్తూ ఉండడం వేరు. ఇవన్నీ వ్యాకరణ పుస్తకంలో ఉన్నవే. అయితే పుస్తకంలోని సూత్రం పరుల సొత్తు, తన కాగితంలో తాను పట్టుకున్న తేడా తన సొత్తు.

ఇంకొకటి కూడా జరిగింది. 'లెక్కపెట్టుకున్నాడు' అని నీవు రాశావు కదా, 'లెక్కపెట్టాడు' అనవచ్చు గదా అని అడిగాను. తన డబ్బు తన కోసం లెక్కపెట్టుకున్నాడు సార్, ఊరికే లెక్కపెడితే బ్యాంకువాడు లెక్కపెట్టినట్టు ఉంటుంది అన్నది. ఆ 'కొను'ను ఇంగ్లీషులో ఒక్క మాటలో చెప్పడానికి వీలులేదని అప్పుడు తెలిసింది. 'మనము', 'మేము' అన్న తేడా కూడా అటువంటిదే. ఇంగ్లీషులోని 'వి'ని తెలుగు చేయవలసి వచ్చిన ప్రతిచోటా, వినేవాడు మనలో ఉన్నాడా లేడా అని పిల్లలు ఆగి ఆలోచించవలసి వస్తుంది. ఆ ఆలోచనే చదవడం. ఇంగ్లీషు నేర్చుకుంటూ తన తెలుగు లోతు తెలుసుకున్న బిడ్డ దానిని తక్కువగా చూడదు.

నడుమ ఒక మాట. తోడల్లుణ్ణి మనవాళ్ళు 'కో-బ్రదర్' అంటారు, తలంటుకోవడాన్ని 'హెడ్ బాత్' అంటారు. వీటిని చూసి నవ్వే ఇంగ్లీషు పండితులు ఉన్నారు. నేను వీటిని కొట్టివేయను. తోడల్లుడికి ఇంగ్లీషువాడి దగ్గర సరైన మాట లేకపోతే ఆ లోటు మనది కాదు.

ఇప్పుడు అసలు చిక్కుకు వస్తాను. పై ఉదాహరణలోని అమ్మాయిది గొడ్ల బేరగాళ్ళ ఇల్లు. ఇంట్లో అందరిదీ తెలుగే, చదివినది అంతా తమిళ బడిలో. తెలుగు మాటలు కొల్లలుగా వచ్చును గాని తెలుగు అక్షరం ఒక్కటీ రాదు. కనుక మొదటి రోజులలో ఆమె తన తెలుగు వాక్యాలను తమిళ లిపిలో రాసుకునేది. ఈ సీమలో చాలామంది చేసే పనే ఇది, పెళ్ళిపత్రికలు కూడా అలా రాసుకున్న ఇళ్ళు ఉన్నాయి. అయితే తమిళ లిపిలో క, గ లకు ఒకటే అక్షరం, త, ద లకు ఒకటే, ప, బ లకు ఒకటే. తమిళానికి అది చాలు, ఆ భాష తీరుకు తగిన లిపి అది. మన భాషకు చాలదు. 'గుడి' అని రాసినా 'కుడి' అని రాసినా ఆ లిపిలో ఒకటే. 'బడి' అన్నా 'పడి' అన్నా ఒకటే. రాసిన రోజున ఇబ్బంది లేదు, మనసులో మాట తాజాగా ఉంటుంది. వారం తరువాత చదువుకుంటే తన రాత తనకే తెలియలేదు. గుడి పక్కన తిరిగాడో, కుడి పక్కకు తిరిగాడో తేలక, ఇంగ్లీషులో గుడిని వదిలిపెట్టి కుడివైపు తిప్పింది.

సార్, నాకు తెలుగు అక్షరాలు నేర్పించండి అని ఆమే అడిగింది. నేను తెలుగు అయ్యవారిని కాను, అయినా ఓనమాలు దిద్దించడానికి ఎవరైనా చాలును. సాయంత్రాలు ఒక గంట చొప్పున కూర్చున్నాము. ఒత్తులు, గుణింతాలు కొంత సతాయించాయి. కొన్ని నెలలలో తప్పులతోనైనా చదివి రాయగలిగింది. తెలుగు అక్షరాలు నేర్చుకోవడానికి భాషాభిమానం కారణమైన వారిని చాలామందిని చూశాను, ఇంగ్లీషు బాగుపడాలని తెలుగు అక్షరాలు దిద్దిన మొదటి మనిషిని అప్పుడే చూశాను. ఆ అమ్మాయి తరువాత హోసూరులో ఒక కర్మాగారంలో చేరింది. షిఫ్టు ముగిసేటప్పుడు రాయవలసిన నివేదికను తనకు ఎవరూ రాసి పెట్టనక్కరలేదని చెప్పి పంపింది.

ఈ సంగతిని మన హక్కుల గోడుతో కలిపి చూడాలి. తమిళనాడులో 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టంతో, 2006-07లో ఒకటవ తరగతి నుండి మొదలుపెట్టి ఏటేటా ఒక్కొక్క తరగతికి తమిళం తప్పనిసరి అయింది. 2015-16 నాటికి అది పదవ తరగతికి చేరింది. అల్పసంఖ్యాక భాషల పిల్లలు కోర్టులకు పోయి మినహాయింపులు తెచ్చుకుంటూ వచ్చారు. 2023 పరీక్షల సమయంలో కూడా సుప్రీంకోర్టు దాకా పోవలసి వచ్చింది. తమిళం నేర్చుకోవడానికి మనలో ఎవరికీ అభ్యంతరం లేదు, ఇక్కడ బతికేవారికి అది అన్నం పెట్టే భాష. మన అడుగు ఒక్కటే, తెలుగు అక్షరం బడిలో నుండి పోకూడదని. ఇంతవరకు దానిని సంస్కృతి పేరుతో, ఆత్మగౌరవం పేరుతో అడిగాము. ఆ కారణాలు గొప్పవే. తల్లిదండ్రులకు వినబడే కారణం ఇంకొకటి ఉన్నదని నేను చెబుతున్నాను: తెలుగు అక్షరం పోతే బిడ్డ చేతిలో నుండి ఇంగ్లీషు నేర్చుకునే పనిముట్టు ఒకటి పోతుంది. మొదటి భాషలో అలవడిన చదువు, రాత రెండవ భాషకు ఆసరా అవుతాయని కెనడా విద్వాంసుడు జిమ్ కమిన్స్ 1979 నుండి చెబుతూ వచ్చినది దీనికి దగ్గరి మాటే.

ఇంగ్లీషు మీడియం అనే మాట మనవారి నోట పుట్టకముందే ఇంగ్లీషులో పుస్తకాలు రాసిన తెలుగువారు ఉన్నారు. కావలి వెంకట రామస్వామి దక్షిణాపథపు కవుల జీవితాలను ఇంగ్లీషులో రాసి 1829లో కలకత్తాలో అచ్చు వేయించాడు. మద్రాసు సదరు న్యాయస్థానంలో అనువాదకుడుగా పనిచేసిన వెన్నెలకంటి సుబ్బారావు తన జీవితచరిత్రను ఇంగ్లీషులో రాసుకున్నాడు, అది ఆయన పోయిన చాలా ఏళ్ళకు 1873లో అచ్చయింది. వీరిద్దరి పనీ భాషల నడుమ మాటలు మోసే పని. వారు ఇంగ్లీషు కోసం ఇంటి భాషను విడిచిపెట్టినవారు కారు.

ఇక తోటి ఉపాధ్యాయులతో రెండు మాటలు, సవరణను గురించి. యాభై కాగితాలు ముందు పెట్టుకొని ప్రతి తప్పుకూ ఎర్రగీత గీసే ఓపిక మనకు ఉన్నది. పిల్లవాడు ఆ కాగితం అందుకొని ఏమి చేస్తాడు? మార్కు చూసి మడిచి సంచిలో పెట్టుకుంటాడు. రూత్ బట్లర్ అనే పరిశోధకురాలు ఇజ్రాయెల్ బడిపిల్లల మీద చేసిన పరిశీలనను 1988లో ప్రచురించింది. కొందరికి మార్కులు మాత్రమే, కొందరికి వ్యాఖ్య మాత్రమే, కొందరికి రెండూ ఇచ్చింది. వ్యాఖ్య మాత్రమే అందుకున్న పిల్లలు ముందుకు పోయారు. రెండూ అందుకున్నవారికి ఆ మేలు జరగలేదు. మార్కు పక్కన ఉంటే వ్యాఖ్యను చదివేవారు లేరన్నమాట.

1996లో జాన్ ట్రస్కాట్ ఇంకొక అడుగు వేసి, రెండవ భాష రాతలో వ్యాకరణ దోషాలను దిద్దడమే వృథా, మానివేయండని వాదించాడు. డానా ఫెరిస్ 1999లో దానికి జవాబు రాసింది. జాగ్రత్తగా, ఎంచుకొని దిద్దితే ఫలితం ఉంటుందని ఆమె పక్షం. ఆ చర్చ తరువాత కూడా చాలాకాలం సాగింది. నా మటుకు నాకు ట్రస్కాట్ చెప్పినది మన ఎర్రసిరాకు సరిగ్గా తగులుతుందని, ఫెరిస్ చెప్పినది మనం చేయవలసిన పని అని తోచింది. ఒక కాగితంలో ఒక రకం తప్పునే చూడండి. ఈ వారం 'ది' ఒక్కటే. తప్పును మీరు సరిచేసి రాయకండి, ఆ పంక్తి పక్కన చిన్న చుక్క పెట్టండి. ఎక్కడ ఉన్నదో పిల్లవాడే వెదకనివ్వండి. తిరిగి రాసిన కాగితానికే మార్కు ఇవ్వండి. కాగితం అడుగున ఒక వాక్యం మనిషికి మనిషి రాసినట్టు రాయండి: 'మీ ఆవు తప్పిపోయిన రాత్రి ఏమి జరిగిందో ఇంకా తెలుసుకోవాలని ఉంది' అని. పిల్లవాడు అప్పుడు పరీక్ష కోసం గాక, చదివే మనిషి కోసం రాస్తాడు.

అంత తీరిక లేదంటారేమో. పిల్లలను జంటలుగా కూర్చోబెట్టండి, ఒకరిది ఒకరు దిద్దుతారు. ఇది పడమటి నుండి దిగుమతి అయిన కొత్త పద్ధతి అని శిక్షణ తరగతులలో చెబుతారు. 1789లో మద్రాసు అనాథ బాలుర ఆశ్రమానికి పర్యవేక్షకుడుగా చేరిన ఆండ్రూ బెల్ అనే పాదిరి, ఇక్కడి వీధిబడిలో పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దడం చూసి తన బడిలో ప్రవేశపెట్టాడు. పెద్దపిల్లల చేత చిన్నపిల్లలకు చెప్పించాడు. ఆ అనుభవాన్ని 1797లో లండన్‌లో అచ్చు వేస్తే, అది 'మద్రాసు పద్ధతి' అన్న పేరుతో ఇంగ్లండులో పాకింది. కనుక మన ఇసుక మనకు తిరిగి వచ్చిందనుకోండి.

దేనిని చూసి దిద్దుకోవాలి అన్నది పిల్లలు తప్పక అడిగే ప్రశ్న. 'హిందూ' పత్రిక సంపాదకీయం రోజూ చదివితే ఇంగ్లీషు వస్తుందని మా తరంలో ప్రతి తండ్రీ చెప్పేవాడు. చదవండి, కాదనను. రాతకు మాత్రం అది మొదటి మెట్టు కాదు. అంత పొడుగు వాక్యం విరిగితే అతికించడం మీకూ నాకూ చేతకాదు. అదే పత్రికలో ఆటల వార్త, ఊరి వార్త, చదువరుల ఉత్తరం తీసుకోండి. ఆర్.కె. నారాయణ్ కథల నుండి ఒక పేరా తీసుకోండి. మద్రాసులో పుట్టి మైసూరులో బతికిన ఆయన 1935 నుండి అచ్చు వేస్తూ వచ్చిన ఇంగ్లీషులో మన వీధులు, మన బడులు, మన మనుషులు ఉన్నారు. అలవాటైన బతుకు గనుక మాటల మీద మనసు పెట్టడానికి వీలుంటుంది. హోసూరు పక్కన తొరపల్లిలో 1878లో పుట్టిన రాజాజీ భారత రామాయణాలు మరీ మంచివి. అవి ముందు తమిళంలో వెలువడి, తరువాత ఇంగ్లీషులోకి వచ్చాయి. పొట్టి వాక్యాలు, తెలిసిన కథ. తమిళం చదివిన మీకు మూడు భాషలనూ పక్కపక్కన పెట్టి చూసుకునే భాగ్యం ఉన్నది, అది కోస్తా పిల్లలకు లేదు.

ఇప్పుడు చేతిలో సెల్‌ఫోను ఉండగా ఈ శ్రమ అంతా ఎందుకని వెనుక వరుసలో ఒకరు నవ్వుతున్నారు. నిజమే, ఫోనులోని యంత్రం మీ వాక్యాన్ని క్షణంలో దిద్దిపెడుతుంది, తెలుగులో చెబితే ఇంగ్లీషులో రాసి కూడా ఇస్తుంది. అది పని గడుపుతుంది. దరఖాస్తు పంపవలసిన చివరి గడియలో నేనూ వద్దనను. అయితే రాసిచ్చినది సరిగా ఉన్నదో లేదో తేల్చవలసినది మీరే. 'మేము' అన్నచోట 'మనము' అని తెలుగు చేసినా, మీరు అనని మాటను మీ నోట పెట్టినా పట్టుకోగలగాలి. దానిని కూడా ఆస్కం పద్ధతిలోకి దించవచ్చు. ముందు మీరు రాయండి, తరువాత యంత్రం చేత దిద్దించండి, దిద్దినదానిని తెలుగు చేసి ఫోను మూసిపెట్టి, రెండు రోజుల తరువాత తిరిగి ఇంగ్లీషు చేయండి. అలా చేస్తే అది గురువు. నేరుగా దించుకుంటే అది గైడు పుస్తకానికి తమ్ముడు.

సవరణలన్నీ వ్యాకరణానికి సంబంధించినవే ఉండవని చెప్పడానికి మళ్ళీ గురజాడ దగ్గరకే పోతాను. ఆయన యువకుడుగా ఉన్నప్పుడు ఇంగ్లీషులో కవిత్వం రాశాడు. 'సారంగధర' అనే ఆయన ఇంగ్లీషు కావ్యం 1883లో 'ఇండియన్ లీజర్ అవర్'లో వచ్చింది. కలకత్తాలో 'రీస్ అండ్ రయ్యత్' పత్రిక నడుపుతున్న శంభుచంద్ర ముఖర్జీ దానిని మెచ్చి తన పత్రికలో తిరిగి ప్రచురించాడు. మెచ్చుకుంటూనే, పరాయిభాషలో ఎంత రాసినా నీకు రావలసిన పేరు రాదు, నీ భాషలో రాయి అని సలహా ఇచ్చాడు. వందల మైళ్ళ దూరాన, తెలుగు రాని ఒక బెంగాలీ సంపాదకుడు చెప్పిన ఆ మాట తరువాత మనకు 'కన్యాశుల్కం' వచ్చింది. గురజాడ ఇంగ్లీషును వదిలిపెట్టలేదు. దినచర్యలు ఎక్కువగా ఇంగ్లీషులో రాసుకున్నాడు, 'కన్యాశుల్కం'కు పీఠికలు ఇంగ్లీషులో రాశాడు, మద్రాసు విశ్వవిద్యాలయంలో వాడుక తెలుగు కోసం పోరాడుతూ 1914లో సమర్పించిన అసమ్మతి పత్రాన్ని ఇంగ్లీషులోనే రాశాడు. ఏది ఏ భాషలో రాయాలో ఆయనకు తెలిసింది. గిరీశాన్ని పుట్టించినవాడికి ఇంగ్లీషు రాకపోవడం ఎలా కుదురుతుంది, అది బాగా వచ్చినవాడే ఆ పాత్రను పుట్టించగలడు.

బయట బల్ల మీద కాగితాలు ఉన్నాయి. ఒక్కొక్కదానిలో ఆరు వాక్యాల ఇంగ్లీషు పేరా ఉన్నది, ఈ సంత మీదనే. తెలుగు అక్షరాలు వచ్చినవారు ఈ రాత్రే తెలుగు చేసి, ఇంగ్లీషు కాగితాన్ని ఇంట్లో పెద్దవారి చేతికి ఇచ్చి దాచమనండి. వచ్చే శుక్రవారం దాకా అడగకండి. సంత రోజున మీ తెలుగు కాగితాన్ని చూసుకొని ఇంగ్లీషు చేసి, అప్పుడు దాచినది తీసి పక్కన పెట్టుకోండి. తేడాలను మీరే రాసుకోండి. తెలుగు అక్షరాలు రానివారు ఇప్పుడు వెళ్ళిపోకండి, ఎడమ పక్క గదిలో పలకలు, బలపాలు పెట్టించాము. పెద్దవాళ్ళు కూడా రావచ్చు.